నాయన జేబులో సున్నం డబ్బీ

మా నాయన జన్మలో ఆకూ వక్కా వేసుకోలేదు. పెళ్లిళ్లలో తాంబూలం ఇస్తే తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు. అయినా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సున్నం డబ్బీ ఉండేది. బొటనవేలంత అల్యూమినియం డబ్బీ. మూత నిండా గీతలు, ఒక మూల నొక్కుకుపోయి ఉండేది. నెలకోసారి అందులో ఎండిన సున్నం గీకి పారేసి, అంగట్లో తడి సున్నం అడిగి కొత్తగా నింపుకునేవాడు. బీడీ కూడా ముట్టని మనిషికి సున్నంతో ఏం పని అని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఒకటే ఆరాటం.

అమ్మను అడిగితే, "మీ నాయన్నే అడుగు పో" అనేది. నాయనను అడిగితే, "ఉండనీలే పాపా. దానిపాటికి అది ఉండాది గదా" అనేవాడు. నేను చెవిలో జోరీగలాగా అడుగుతూనే ఉండేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా చెప్పలేదు.

నాయన నేల పాలిష్ మేస్త్రి. సొంతూరు తాడిపత్రి దగ్గర. అక్కడ ఇంటింటా నాపరాళ్లే కాబట్టి రాయి నున్న చేసే పని ఆయనకు చిన్నప్పుడే అబ్బింది. పెళ్లికి ముందే బెంగళూరు వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే, మహదేవపురలో, రెండు గదుల రేకుల ఇంట్లో. తొంభైలలో మా చుట్టూ ఉన్న రాగి చేలన్నీ లేఅవుట్లయ్యాయి. ఎక్కడ చూసినా ఇళ్లు లేస్తున్నాయి, ప్రతి ఇంటికీ మొజాయిక్ నేల కావాలి. తర్వాత మార్బుల్ వచ్చింది. ఆ తర్వాత పాలిష్ అక్కర్లేని పలకలు వచ్చి నాయన పనినే తినేశాయి గానీ, అది రెండువేల సంవత్సరం దాటాక సంగతి.

మొజాయిక్ నేలంటే సిమెంటులో రంగురాళ్ల ముక్కలు కలిపి పరిచినది. ఆరాక చూస్తే గరుకుగా, బూడిద రంగులో, ఏ అందమూ లేకుండా ఉంటుంది. దాని మీద నీళ్లు పోస్తూ మిషన్‌తో సాన పట్టాలి. ముందు గరుకు రాయి, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మూడు నాలుగు విడతలయ్యాక కూడా నేల నున్నగా ఉంటుంది కానీ మెరవదు. అప్పుడు నాయన బస్తా మూతి విప్పి తెల్లటి పొడి చల్లేవాడు. తడి కంబళి ముక్క కట్టిన మిషన్ దాని మీద తిప్పేవాడు. కాసేపటికి కిటికీ నేలలో కనపడేది. నేను ఐదారేళ్లప్పుడు ఒక ఆదివారం సైటుకు వెళ్లి ఇది చూశాను. నేలలో నా ముఖం కనపడగానే వెనక్కి గెంతాను.

"ఏం చల్లినావు నాయనా?"

"ఆసిడ్ పౌడరు. దగ్గరికి రావద్దు."

చక్కెరలాగే ఉండేది అది. అంతే తెలుపు, అంతే పలుకు. ఇంట్లో దాన్ని అటక మీద, రెండు బస్తాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, తనకు మాత్రమే వచ్చిన ఒక ముడి వేసి కట్టేవాడు. ఆ ముడి విప్పడం నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి గమనించాను. నాయన సైటులో నీళ్లు తాగడు. ఆయన కింద పనిచేసే ముగ్గురూ మధ్యాహ్నం చేతులు కడుక్కుని వీధి చివర టీ అంగడికి వెళ్లి వచ్చేవాళ్లు. నాయన వెళ్లడు. పొద్దున ఇంట్లో సంగటి తిని బయల్దేరితే, సాయంత్రం వచ్చి, చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్ది, స్నానం చేసి, అప్పుడు చెంబెత్తితే గుక్క తిప్పుకోకుండా ఖాళీ చేసేవాడు. ఎండాకాలమైనా అంతే. ఏదో దేవుడికి మొక్కుకున్నాడేమో అనుకున్నాను. ఏ దేవుడని అడిగాను కూడా. "సుమ్నే ఉండు" అన్నాడు. ఊరికే ఉండమని కన్నడంలో చెప్పాడంటే ఇంక ఆ మాట ముగిసినట్టే.

డిగ్రీలో నేను కెమిస్ట్రీ తీసుకున్నాను. మొదటి ఏడాది ల్యాబులో ఒక సీసా మీద ఆగ్జాలిక్ ఆమ్లం అని రాసి ఉంది. మూత తీసి చూస్తే మా అటక మీది పొడి. నా సంతోషం ఇంతా అంతా కాదు. పక్కమ్మాయితో, "ఇది మా ఇంట్లో బస్తా ఉంది" అన్నాను. ఆమె నన్ను అనుమానంగా చూసి కొంచెం దూరం జరిగింది.

ఆ రోజు చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ ఇష్టం. ఈ ఆమ్లాన్ని నీళ్లలో కరిగించి, కొంచెం గంధకామ్లం కలిపి, వేలు పెట్టలేనంత వేడి చేయాలి. పైనుంచి గాజు గొట్టంలోని పర్మాంగనేట్ ఒక్కో చుక్కే వదలాలి. ముదురు వంగపండు రంగు అది. మొదటి చుక్క పడగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు వెంటనే పోదు. సీసాను తిప్పుతూ, తిప్పుతూ, ఇది పాడైపోయిందేమో అనుకునేంతలో మెల్లగా పోతుంది. రెండో చుక్క కొంచెం త్వరగా పోతుంది. నాలుగైదు పడ్డాక ఇంక పడింది పడ్డట్టే మాయం. మొదటి చుక్క విరిగినప్పుడు పుట్టిన పదార్థమే తర్వాతి చుక్కల పనిని తొందర చేస్తుందని మా మేడమ్ చెప్పింది. మొదటిసారికే బెట్టు అన్నమాట.

మేడమ్ ఇంకా చాలా చెప్పింది. ఈ ఆమ్లం చుక్కకూరలో ఉందట, పులిచింతాకులో ఉందట. కందగడ్డ తరిగితే చేతులు దురద పెట్టేది కూడా దీనివల్లేనట. ఇది సున్నంతో కలిసి సూదుల్లాంటి పలుకులై కందలో దాక్కుంటుంది. ఇంటికి పరుగెత్తుకొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ, "అందుకే గదా చేతులకు చింతపండు పూసుకునేది. ఇది చెప్పేదానికి కాలేజీ కావాల్నా?" అంది. తాడిపత్రి దగ్గర మా ఊళ్లో జేజి వాళ్ల, అంటే నాయనమ్మ వాళ్ల, శనగచేలో పొద్దున్నే నడిస్తే కాళ్లు మండే సంగతి అప్పుడు గుర్తొచ్చింది. జేజి తెల్లవారకముందే చేను మీద తెల్లటి పంచె పరిచేది. మంచుకు తడిసిన పంచెను పిండి ఆ పులుపు సీసాలో దాచేది. ఎవరికి కడుపునొప్పి వచ్చినా నీళ్లలో నాలుగు చుక్కలు కలిపి పట్టేది. ఆ పులుపులో కూడా ఈ ఆమ్లం కాస్త ఉందట. ఒకే పదార్థం మా జేజి సీసాలో, అమ్మ కత్తిపీట మీద, నాయన బస్తాలో ఉన్నందుకు నాకు ఏదో చుట్టరికం దొరికినట్టుండేది.

ఆ ఉత్సాహంలోనే దొంగతనం చేశాను. మేకుకు తగిలించిన నా తెల్ల ల్యాబ్ కోటుకు తుప్పు మరక పట్టింది. సబ్బుకు పోలేదు, నిమ్మకాయకు పోలేదు. ఈ ఆమ్లం తుప్పును కరిగించి తనతో తీసుకుపోతుందని చదివాను. నాయన పనికి వెళ్లాక అటకెక్కి, ముడి విప్పి, చిటికెడు పొడి తీసి వేడినీళ్లలో కలిపి మరక మీద రుద్దాను. మరక పచ్చబడి, పలచబడి, జాడిస్తే పోయింది. ముడి మళ్లీ వేశాను. కానీ నాయన వేసే ముడి నాకు విప్పడమే వచ్చు, వేయడం రాదు.

సాయంత్రం వచ్చి అటక వైపు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. తిట్టలేదు. నా రెండు చేతులూ పట్టుకుని వెలుతురులోకి లాగాడు.

"నోట్లో పెట్టుకున్యావా?"

"లేదు నాయనా."

"నిజం చెప్పు. రోంతైనా పెట్టుకున్యావా?"

లేదని ఒట్టు వేశాక జేబులోంచి సున్నం డబ్బీ తీశాడు. ఆయన దాన్ని వాడటం నేను చూడటం అదే మొదటిసారి. నా పది వేళ్లకూ, గోళ్ల సందుల్లో కూడా, సున్నం పూసి కడిగాడు. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమ్లానికి సున్నం విరుగుడని మా మేడమ్ చెప్పాక నాకు తెలిసింది. మూడో తరగతి దాటని నాయనకు ఎవరు చెప్పారు? అడుగుదామంటే ఆయన ముఖం చూస్తే ధైర్యం చాలలేదు.

డిగ్రీ అయిన ఏడాది హొసకోటెలో ఒక చిన్న ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. వాళ్లు తయారు చేసేది ఈ ఆమ్లమే. ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు అక్కడి పెద్ద కెమిస్టు, చిత్తూరు వైపు ఆయన, నా ప్రశ్నలు భరించలేక షెడ్డంతా తిప్పి చూపించాడు. గోడౌన్‌లో బస్తాలు చూసి, "ఇన్ని బస్తాలు తయారుచేస్తారా సార్?" అన్నాను. ఆయన నవ్వాడు. "అవి తయారైనవి కాదమ్మా, వేయాల్సినవి. చక్కెర."

నేను నమ్మలేదు. ఒక బస్తా మూతి విప్పి చూపించాడు, నిజంగా చక్కెరే, కాస్త ముతక రకం. దాన్ని నత్రికామ్లంలో వేస్తారు. పసుపూ నారింజా కలిసిన రంగులో ఒక పొడి చిటికెడు వేస్తే పని వేగమవుతుంది. తొట్టిలోంచి ఎర్రటి పొగలు లేస్తాయి. వాటిని వదిలేయకుండా గొట్టాల్లో లాగి, నీళ్లతో కడిగి, మళ్లీ ఆమ్లం చేసుకుంటారు. తొట్టిలో మిగిలిన ద్రవాన్ని చల్లబరిస్తే అడుగున తెల్లటి పలుకులు కడతాయి. వాటిని గిర్రున తిప్పి నీరు పిండేసి ఆరబెట్టి బస్తాలకెత్తుతారు. అక్కణ్ణించి బట్టల అద్దకానికి, తోళ్లకు, తుప్పు వదిలించడానికి, మా నాయన లాంటి వాళ్లకు వెళ్తుంది. చక్కెర లోపలికి వెళ్లి, చక్కెరలాగే కనపడుతూ, విషమై బయటికి వస్తోంది. ఆ రోజు బస్సులో వస్తూ ఇంకేమీ ఆలోచించలేకపోయాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంతగా ఇంకేదీ ఎప్పుడూ కోరుకోలేదు.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం చేరాలని ఉత్తరం వచ్చింది. నాయనకు చదివి వినిపించాను. ఏం తయారు చేస్తారని అడిగాడు. చెప్పాను.

"వద్దు."

"ల్యాబులో పని నాయనా. బస్తాలు మోసేది కాదు."

"నేను ముట్టుకుంటా ఉండేది చాలు. నువ్వు ముట్టుకోవద్దు. కొరివితో తల గోక్కుంటావా?"

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఆ గుణం నాకు ఎవరి నుంచి వచ్చిందో ఆయనకూ తెలుసు. రోజూ అడిగాను, రోజూ వద్దన్నాడు. పక్కింటావిడ ఒకరోజు వచ్చి, ఆడపిల్లను ఆసిడ్ ఫ్యాక్టరీకి పంపితే ముఖం కాలితే ఎవరిది పూచీ అని అమ్మకు చెప్పి వెళ్లింది. ఆవిడ గుమ్మం దాటాక అమ్మ, "కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకో" అంది. అప్పుడు అమ్మ చేతిలో నిజంగానే కంద ఉంది. నాకు నవ్వొచ్చింది గానీ, నాయన ఒప్పుకోకుండా గడప దాటే ధైర్యం నాకూ లేదు, నన్ను పంపే ధైర్యం అమ్మకూ లేదు.

చేరడానికి ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున నాయన చొక్కా వేసుకుంటూ నడుము పట్టుకుని కూలబడ్డాడు. ఆ మనిషి అరవడం నేనెప్పుడూ వినలేదు. నేల మీద అటూ ఇటూ పొర్లాడు. కె.ఆర్.పురంలో డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాం. మూత్రపిండంలో రాయి అన్నాడు. సూది వేసి, కడవల కొద్దీ నీళ్లు తాగమని చెప్పి పంపాడు. మూడో రోజు రాయి దానంతటదే పడింది. మెంతిగింజ కంటే కొంచెం పెద్దది, గోధుమ రంగు, ఒళ్లంతా ముళ్లు. నాయన దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి నాకు చూపించాడు.

"చూడు. ఇన్నేండ్లు ఆ పౌడరు రుద్దినా గదా. లోపలికి పోయి రాయి అయ్యి కూర్చున్యాది. ఇది చూసినాక కూడా పోతానంటావా?"

ఆయన చెప్పింది నిజమైతే నేను అడగడమే పాపం. నిజం కాకపోతే? అగ్గిపెట్టె ఇమ్మన్నాను. దాంతో ఏం చేస్తావన్నాడు. దాన్నే అడుగుతాను, నువ్వెక్కడి నుంచి వచ్చావని, అన్నాను.

శనివారం కాలేజీకి వెళ్లాను. సోమవారం చేరాలి. మేడమ్ మొదట ముఖం చిట్లించింది, తర్వాత నాకంటే ముందు ఆమే కళ్లజోడు పెట్టుకుంది. రాయిని కల్వంలో నూరాం. కొంచెం పొడి మీద ఆమ్లం చుక్క వేస్తే నురగ రాలేదు. ఇంకొంచెం పొడిని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్లీ చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. కాల్చాక అది సున్నపురాయిగా మారిందన్నమాట. మిగిలిన పొడిని గంధకామ్లంలో వేడిగా కరిగించి పర్మాంగనేట్ చుక్క వదిలాను. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. సీసా తిప్పుతూ నిలబడ్డాను. పోవద్దు, పోవద్దు అని లోపల ప్రార్థిస్తున్నాను. పోతే నాయన గెలిచినట్టు. రంగు మెల్లగా పోయింది. రెండో చుక్క ఇంకా త్వరగా పోయింది.

ఆగ్జాలికే. సున్నంతో కలిసిన ఆగ్జాలిక్. కందలో ఉండే పలుకే మా నాయన ఒంట్లో రాయై పెరిగింది. నాకు ఏడుపొచ్చింది. మేడమ్ మాత్రం స్టూలు లాక్కుని నిదానంగా కూర్చుంది.

"ఎందుకేడుస్తావ్? ఇది నాకూ రావచ్చు, నీకూ రావచ్చు. మూత్రపిండాల్లో రాళ్లు ఎక్కువగా ఇవే. ఈ ఆమ్లాన్ని మన ఒళ్లే కొంత తయారు చేసుకుంటుంది. కొంత కూరల్లోంచి వస్తుంది. నీళ్లు చాలినన్ని ఉంటే కరిగి బయటికి పోతుంది. మీ నాన్నగారు నీళ్లు ఎన్ని తాగుతారు?"

పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఇరవై ఏళ్లు, ఒక్క చుక్క కూడా తాగని మనిషి కళ్ల ముందు కదిలాడు. పొడి తప్పు అస్సలు లేదని నేను ఇప్పటికీ ఒట్టు వేసి చెప్పను. గాలిలో కొంత పీల్చే ఉంటాడు. కానీ నీళ్లు లేని ఆ పగళ్లు ముందు లెక్కలోకి వస్తాయని డాక్టరు కూడా తర్వాత అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పెద్ద సీసా నిండా నీళ్లు పట్టుకుని బ్రూక్‌ఫీల్డ్ వెళ్లాను. అక్కడొక అపార్టుమెంటులో నాయనకు పని. డాక్టరు నీళ్లు తాగమన్నాడని ఇంట్లో తాగుతున్నాడు, సైటులో మాత్రం పాత నియమమే. కింది అంతస్తులో ఆఖరి పాలిష్ నడుస్తోంది. నన్ను చూసి మిషన్ ఆపాడు. పెదవులు ఎండి తెల్లగా పగిలి ఉన్నాయి. మిగతా ముగ్గురూ టీకి వెళ్లారు. మెట్ల మీద కూర్చోబెట్టి రాయి చెప్పిన సంగతంతా చెప్పాను. ఆయన విన్నాడు.

"ఈడ ఎందుకు తాగవు నాయనా? ఈసారి చెప్పకపోతే నేను కదలను."

తన చేతుల వైపే చూసుకుంటూ చెప్పాడు.

"నువ్వు పుట్టకముందు. నేనూ, మా ఊరి మనిషి ఇంకొక ఆయప్పా, ఇద్దరమే పని చేస్తా ఉంటిమి. వాన పడి పౌడరు సంచి చినిగిపాయ. తడిస్తే పాడైతాదని టీ కాసుకునే కాడ చక్కెర డబ్బా ఖాళీగా ఉంటే దాంట్లో పోసినా. చెప్పల్ల అనుకున్యా, మర్చిపోయినా. తెల్లారి ఆయప్ప టీ పెట్టుకున్యాడు. రెండు గుక్కలు తాగినాడో లేదో, గొంతు పట్టుకుని పడిపాయ."

"తర్వాత?"

"గోడలకు గార పూసే ముసలాయన ఒకడు ఉండె. గోడకు కొట్టిన సున్నం గీకి, నీళ్లల్లో కలిపి, నోరు తెరిచి పోసినాడు. ఆస్పత్రికి పోయేలోపల అదే కాపాడింది అన్నారు డాక్టర్లు. బతికినాడు. కానీ ఊరికి ఎల్లిపాయ. మల్ల ఈ పనికి రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు పాపా. అని ఉంటే బాగుండు."

అదీ సున్నం డబ్బీ కథ. పౌడరు ఉన్న చోట తినేదీ తాగేదీ ఉండకూడదని ఆయన తనకు తాను వేసుకున్న శిక్ష. కింది వాళ్లను మాత్రం టీకి బయటికి పంపేవాడు. ఎన్నేళ్లు ఆ డబ్బీ గురించి ఆయన్ని వేధించానో తలుచుకుంటే సిగ్గేసింది.

నాకు తెలిసిందే చెప్పాను. ఆ ముసలాయన పోసిన సున్నం ఆయప్ప కడుపులో పౌడరును పట్టుకుని రాయిలాంటి పొడిగా మార్చిందని, అందుకే అది రక్తంలోకి పెద్దగా పోలేదని చెప్పాను. "నీ అగ్గిపెట్టెలో రాయి ఉండింది చూడు, అదీ ఇదీ ఒకటే నాయనా. ఆయన్ని బతికించింది, నిన్ను పొర్లించింది."

"ఒకటేనా?"

"ఒకటే. ఇంకోటి చెప్పనా? ఆ పౌడరును చక్కెరతోనే చేస్తారు. హొసకోటెలో నా కళ్లతో చూశాను."

ఆయన నమ్మినట్టు కనపడలేదు. నేను బస్తాల సంగతి, ఎర్రటి పొగల సంగతి చెప్పాను. విని విని తల ఆడించాడు.

"అయితే దాన్ని పుట్టింటి డబ్బాలోనే పోసినానన్న మాట" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకోబోయి, చేతులకు పౌడరుందని గుర్తొచ్చి ఆగిపోయాడు. నా చున్నీతో నేనే తుడిచాను.

సీసా మూత తీశాను.

"ఈ చేతుల్తో ఎట్ల తాగల్ల?"

"చేతులు వెనక్కి పెట్టుకో. తల ఎత్తు."

చిన్నపిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని తల ఎత్తాడు. పెదవులకు తగలకుండా పైనుంచి సన్నగా ధార పోశాను. మొదటి గుక్క మింగడానికి చాలాసేపు పట్టింది. గొంతు దగ్గర ఆపి పెట్టుకున్నాడు. రెండోది కొంచెం త్వరగా దిగింది. తర్వాత ఆగకుండా సీసా అంతా తాగేశాడు. టీ తాగి వచ్చిన ముగ్గురూ గుమ్మంలో నిలబడి, మేస్త్రి సైటులో నీళ్లు తాగడం నోరు తెరుచుకుని చూశారు.

ఉద్యోగం మాట ఆయన ఎత్తలేదు. ఇంటికి వచ్చాక కూడా ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడగకుండా ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి.

సోమవారం నేను లేచేసరికి నాయన పనికి వెళ్లిపోయాడు. వెళ్లనా వద్దా అని అమ్మ వైపు చూశాను. అమ్మ, "ముందు సంచి చూసుకో" అంది. నా సంచి తలుపు దగ్గర సర్ది ఉంది. విప్పితే టిఫిన్ డబ్బా మీద సున్నం డబ్బీ కనపడింది. మూత తీశాను. తడి సున్నం, ఆ పొద్దునే నింపినది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"బిన్నా లెయ్యి, హొసకోటె బస్సు పోతాది" అంది అమ్మ.

లేచి, నిన్నటి నీళ్ల సీసా కోసం గూట్లో చూశాను. లేదు. పొయ్యి దగ్గర కూడా లేదు.

"వెతకద్దు. మీ నాయన నింపుకుని తీసుకపోయినాడు."